దంతం మోసినవాడు బానిసా, కూలివాడా?

మీ ప్రశ్న ఇది: "తూర్పు ఆఫ్రికా పాత ఫోటోల్లో ఏనుగు దంతాలు, గుడ్డ మూటలు మోస్తూ బారులుగా నడిచే మనుషులు కనిపిస్తారు. వాళ్లంతా బానిసలేనా? కూలికి మోసినవాళ్లూ ఉన్నారా? ఉంటే ఎలా గుర్తుపట్టాలి?"

ముందు సూటిగా జవాబు చెప్తాను. 19వ శతాబ్దంలో తూర్పు తీరం నుంచి పెద్ద సరస్సుల దాకా సాగిన నడిమి దారిలో దంతం మోసినవాళ్లలో ఎక్కువమంది కూలి మాట్లాడుకుని వచ్చిన స్వతంత్రులు. అదే దారిలో, కొన్నిసార్లు అదే బిడారులో, బానిసలు కూడా నడిచారు. యజమానికి బానిసగా ఉంటూనే నెల జీతానికి పనిచేసినవాళ్లు మరో రకం. ఎక్కువగా పొరబడేది ఈ మూడో రకం విషయంలోనే.

నేను ఇరవై ఏళ్లకు పైగా ఆఫ్రికా చరిత్ర పాఠాలు చెప్పాను. అందులో ఆరేళ్లు దార్ ఎస్ సలామ్‌లో ఉన్నాను. అంతకన్నా ముందు, మా నాన్న గుంటూరు మిర్చి యార్డులో గుమాస్తా. ఎవరు ఎన్ని టిక్కీలు (మిర్చి బస్తాలు) మోశారు, ఎవరికి ఎంత అడ్వాన్స్ పోయింది అని హమాలీల లెక్కలు రాసేవాడు. తూర్పు ఆఫ్రికా తీరంలోని జాంజిబార్ దీవి రేవులో బరువులు మోసేవాళ్లను కూడా 'హమాలీ' అనే అంటారని తెలిసిన రోజు నాకు ఒళ్లు జలదరించింది. ఆ అరబ్బీ మాట సముద్రం దాటి రెండు వైపులకూ చేరింది. అందుకే ఈ విషయం నాకు పరాయిదిగా ఎప్పుడూ అనిపించలేదు.

అసలు మనుషులే ఎందుకు మోయాలి? మన దక్కన్‌లో లంబాడీలు వందల ఎద్దుల మీద ఉప్పు, ధాన్యం తోలుకెళ్లేవారు కదా. అక్కడ అది కుదరలేదు. త్సెత్సె అనే ఈగ కుడితే ఎద్దులు, గుర్రాలు జబ్బుపడి చచ్చిపోయేవి. లండన్ మిషనరీలు 1870లలో ఎడ్ల బండ్లు నడపాలని చూశారు. ఎడ్లు చచ్చిపోయి ఆ ప్రయత్నం ఆగిపోయింది. 1879లో బెల్జియం రాజు లియోపోల్డ్ ఖర్చుతో నాలుగు ఏనుగుల్ని మన దేశం నుంచి, మావటివాళ్లతో సహా, అక్కడికి ఓడలో తీసుకెళ్లారు. అవి కూడా ఒకదాని తర్వాత ఒకటి చనిపోయాయి. ఇక మిగిలింది మనిషి భుజమే.

ఆ భుజాలు ఎక్కువగా న్యామ్వేజీలవి. ఇప్పటి టాంజానియాలో టబోరా చుట్టుపక్కల ప్రాంతం వాళ్లది. తీరం నుంచి అరబ్బు, స్వాహిలీ వర్తకులు లోపలికి రాకముందే, 1800 ప్రాంతంలో, వీళ్లే దంతాలు భుజాన వేసుకుని సముద్రం దాకా నడిచారు. అంతకుముందే ఉప్పు, ఇనుప పారలు ఊరూరికీ మోసి అమ్మిన అలవాటు ఉంది. యూరప్, అమెరికాల్లో పియానో మీటలకు, బిలియర్డ్ బంతులకు, మన గుజరాత్, రాజస్థాన్ పెళ్లిళ్లలో గాజులకు దంతం కావాల్సి వచ్చేసరికి ఈ మోత పెద్ద వృత్తి అయింది. వానలు ఆగాక బయలుదేరడం, మళ్లీ వానల వేళకు పొలానికి చేరాలని చూడడం వాళ్ల పద్ధతి. వాళ్లలో ఆరేడేళ్ల పిల్లవాడు చిన్న దంతం భుజాన పెట్టుకుని నడక నేర్చుకునేవాడని, దూరం మోసి రావడాన్ని మగతనానికి పరీక్షగా చూసేవారని 1857లో ఆ దారిన వెళ్లిన బ్రిటిష్ యాత్రికుడు బర్టన్ రాశాడు. ఈ పని చేసే మనిషిని స్వాహిలీలో 'పగాజీ' అంటారు.

ఒక్కొక్కరి మోత 27 నుంచి 32 కిలోల దాకా ఉండేది. దానిపైన సొంత చాప, కుండ, తిండి, ఆయుధం. తీరం వాళ్లు తలమీద మోస్తే న్యామ్వేజీలు భుజం మీద మోసేవారు. ఇత్తడి తీగ చుట్టల్ని కర్రకు రెండు వైపులా కట్టి, అచ్చం మన కావడిలా తీసుకెళ్లేవారు. దంతం మాత్రం అందరిలోకీ బలమైనవాళ్లకే దక్కేది. దాని కొసకు గంట కట్టి, గర్వంగా బారు ముందు భాగంలో నడిచేవారు. తెల్లవారకముందే లేచి, ఎండ ముదిరేలోపు పదిహేను ఇరవై కిలోమీటర్లు నడిచి, విడిది చేసేవారు. బాగమోయో రేవు నుంచి టబోరాకు ఇలా రెండు మూడు నెలలు పట్టేది.

కూలి సంగతి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే స్వతంత్రుడనే మాటకు రుజువు అక్కడే ఉంది. కూలి మొదట్లో గుడ్డగా ఇచ్చేవారు. అమెరికా మసాచుసెట్స్ నుంచి వచ్చే ముతక గుడ్డను 'మెరికానీ' అనేవారు. అది ఆ దారంతా డబ్బులా చెల్లేది. తర్వాత తర్వాత వెండి డాలర్లు వచ్చాయి. జాంజిబార్‌లో కూలికి కుదిరినవాళ్లకు 1870లలో నెలకు దాదాపు 5 డాలర్లు ఉండేది. బయలుదేరేముందే కొన్ని నెలల జీతం అడ్వాన్స్‌గా ఇవ్వాలి. 1874లో యాత్రికుడు స్టాన్లీ పెద్దవాళ్లకు నాలుగు నెలల జీతం, అంటే 20 డాలర్లు, ముందే ఇచ్చాడు. దీనికి తోడు రోజూ బత్తెం ఇవ్వాలి. దాన్ని 'పోషో' అంటారు. రోజుకు ఒక కొలత ధాన్యం, లేదా దాన్ని కొనుక్కోవడానికి గుడ్డ ముక్క. బత్తెం తగ్గితే ముఠా మొత్తం కదిలేది కాదు.

ముఠా అని ఊరికే అనలేదు. న్యామ్వేజీలు ఒక్కొక్కరుగా కుదిరేవారు కాదు, ఊరివాళ్లు, చుట్టాలు కలిసి గుంపుగా వచ్చేవారు. వాళ్లలోంచే ఒకడిని 'కిరంగోజీ'గా ఎన్నుకునేవారు. ఎర్రటి వస్త్రం, తలమీద ఈకలు, చేతిలో జెండా పట్టుకుని ముందు నడిచేది అతనే. దారి అతనికి తెలుసు, ఎక్కడ ఆగాలో అతనే చెప్తాడు. అతన్ని దాటి ముందుకు వెళ్లినవాడు జరిమానా కట్టాలి. యజమానితో కూలి, బత్తెం, విశ్రాంతి గురించి మాట్లాడేది కూడా అతనే. మా యార్డులో ముఠా మేస్త్రీ చేసే పని దాదాపు ఇదే.

ఉగోగో అనే ఎండు నేలలో ప్రతి స్థానిక నాయకుడికీ 'హోంగో' అనే సుంకం కట్టాలి. ఆ తర్వాత మ్గుండా మ్కాలీ అని రోజుల తరబడి నీళ్లు సరిగా దొరకని అడవి వస్తుంది. అలాంటి చోట మోతగాళ్లు మూటలు కింద పెట్టేసి "రేపు నడవం" అంటే యజమాని చేయగలిగింది ఏమీ లేదు. వందల మూటలు, మోసేవాడు లేడు. గుడ్డ కొలత తగ్గిందని, రోగులకు ఆగలేదని, నడక మరీ ఎక్కువైందని ఇలా ఎన్నోసార్లు పని ఆపారు. యూరోపియన్ యాత్రికుల డైరీల్లో ఇవన్నీ 'బద్ధకం', 'తిరుగుబాటు', 'మోసం' అని కనిపిస్తాయి. నేను క్లాసులో పిల్లలకు ఆ పేజీలే ఇచ్చి, మోతగాడి వైపు నుంచి మళ్లీ చదవమనేవాణ్ణి. చదివితే అది సమ్మె అని వాళ్లకే తెలిసిపోయేది. మాట చెల్లకపోతే రాత్రికి రాత్రే వెళ్లిపోవడం ఆఖరి దారి. అలా వెళ్లినవాళ్లలో చాలామంది తమ సరుకు మాత్రమే తీసుకుని, యజమాని మూటను అక్కడే వదిలి వెళ్లారు.

సంసారాలు కూడా ఈ దారిలో నడిచాయి. భార్యలు కుండలు, పిల్లలతో వెంట వచ్చేవారు. వంట, నాటు బీరు కాచి అమ్మడం, కొన్నిసార్లు మోత కూడా వాళ్లు చేసిన పనులే. చాలా పుస్తకాలు వాళ్లను పట్టించుకోలేదు.

మరి అందరూ బానిసలే అనే నమ్మకం ఎలా వచ్చింది? బానిస వ్యాపారాన్ని ఆపాలని బ్రిటన్‌లో పోరాడినవాళ్లు చెప్పిన కథ ఒకటుంది: వర్తకుడు లోపల మనిషిని కొంటాడు, అతని చేత దంతం మోయిస్తాడు, తీరంలో రెండింటినీ అమ్మేస్తాడు. వాళ్ల ఉద్దేశం మంచిదే, ఆ కోపం న్యాయమైనదే. కానీ లెక్క కుదరదు. మెడకు గొలుసో, చీలిన కర్రో వేసి ఆకలితో నడిపించే మనిషి 30 కిలోల మోతతో మూడు నెలలు నిలబడడు. చాలామంది దారిలోనే చనిపోయేవారు. పైగా దంతం చాలా ఖరీదైన సరుకు. అవకాశం దొరికితే పారిపోవాలని చూసే మనిషి భుజాన దాన్ని వర్తకుడు అంత తేలిగ్గా పెట్టడు. తీరానికి వచ్చిన బానిసల్లో పెద్ద భాగం దక్షిణాన న్యాసా సరస్సు ప్రాంతం నుంచి కిల్వా రేవుకు చేరింది. టబోరా దారి ముఖ్యంగా దంతం దారి.

బాగమోయో అన్న పేరు కథ కూడా ఇలాంటిదే. 'బ్వాగా మోయో' అంటే గుండెను కింద పెట్టడం. బానిసలు ఓడ ఎక్కేముందు "నా గుండెను ఇక్కడే వదిలేస్తున్నా" అన్నారని పర్యాటకులకు చెప్తారు. నెలల తరబడి నడిచి సముద్రం చూసిన మోతగాడు "హమ్మయ్య, బరువు దించుకున్నా" అన్న మాట అది అని మరో అర్థం. నేను మొదటిసారి వెళ్లినప్పుడు మొదటిదే విని కన్నీళ్లు పెట్టుకున్నాను. ఇప్పుడు రెండోదే సరైనదని అనుకుంటున్నాను, ఎందుకంటే ఆ ఊరికి ఏటా వేలమంది మోతగాళ్లు వచ్చి, కూలి తీసుకుని, గుడ్డ కొనుక్కుని తిరిగి వెళ్లేవారు.

ఇంత చెప్పాక, బానిసలు మోయనే లేదని మాత్రం అనుకోకండి. టబోరాకు పడమరగా, టాంగన్యికా సరస్సు దాటి, ఇప్పటి కాంగో తూర్పు భాగంలోని మన్యేమా వైపు వెళ్తే పరిస్థితి వేరు. టిప్పు టిప్ లాంటి వర్తకులు అక్కడ తుపాకులతో ఊళ్ల మీద పడి మనుషుల్ని పట్టుకున్నారు. పట్టుబడినవాళ్లలో ఆడవాళ్లు, పిల్లలు ఎక్కువ. సరుకు వాళ్ల నెత్తిన పెట్టి నడిపించారు. వాళ్లకు కూలి లేదు, తిరిగి వెళ్లే ఇల్లు లేదు. 1871 జులైలో అక్కడి న్యాంగ్వే సంతలో వర్తకుల మనుషులు జనాన్ని కాల్చి చంపడాన్ని మిషనరీ యాత్రికుడు లివింగ్‌స్టన్ కళ్లారా చూశాడు. 1873లో జాంజిబార్ బానిసల సంత మూతపడింది, 1876లో లోపలి నుంచి బానిసల్ని నడిపించి తేవడాన్ని సుల్తాన్ నిషేధించాడు. ఆ తర్వాత కూడా లోపలి ప్రాంతాల్లో కొనడం, అమ్మడం ఏళ్ల తరబడి సాగింది.

ఇప్పుడు మూడో రకం. ఫోటోలో ఒకడు మూట మోస్తున్నాడు, పక్కన ఒకడు తుపాకి పట్టుకుని నడుస్తున్నాడు అనుకోండి. చూడగానే తుపాకి వాడు కాపలాదారు, మూట వాడు బానిస అనిపిస్తుంది. చాలాసార్లు అది తలకిందులు. తీరం వర్తకుల బిడారుల్లో తుపాకి పట్టినవాళ్లలో చాలామంది యజమాని సొంత బానిసలు. మూట మోసేవాడు స్వతంత్రుడైన న్యామ్వేజీ. బర్టన్ 1857లో రామ్‌జీ అనే బనియా గుమాస్తా దగ్గర ఆరు నెలలకు కొందరు సాయుధ బానిసల్ని అద్దెకు తీసుకున్నాడు. "రామ్‌జీ కొడుకులు" అని వాళ్లకు పేరు. మోత మోయడం తమ స్థాయికి తక్కువని వాళ్లు తెగేసి చెప్పారు.

జాంజిబార్, తీరం ఊళ్లలో యజమానులు తమ బానిసల్ని కూలికి పంపేవారు. వచ్చిన జీతంలో సగం యజమానిది, సగం మోసినవాడిది అన్నది మామూలు ఒప్పందం. ఇలాంటివాళ్లు, విడుదలైన బానిసలు కలిసి తమను తాము 'వాఉంగ్వానా' అని పిలుచుకున్నారు. ఆ మాటకు అర్థం పుట్టుకతో స్వతంత్రులు, మర్యాదస్తులు అని. పుట్టుకతో దక్కనిదాన్ని నడకతో సంపాదించుకున్నారు. తీరం బట్టలు, స్వాహిలీ మాట, చేతిలో తుపాకి ఉంటే లోపలి ప్రాంతాల్లో వాళ్లే పెద్దమనుషులు. కూలి డబ్బుతో తమకూ బానిసల్ని కొనుక్కున్నవాళ్లు వాళ్లలో ఉన్నారు.

'కిబరువా' అనే మాట కూడా చూడండి. ఇప్పుడు స్వాహిలీలో దానికి రోజుకూలి పని అని అర్థం. అసలు అర్థం చిన్న చీటీ. తీరం ఊళ్లలో రోజుకూలికి వెళ్లిన బానిసలకు పని లెక్క కోసం ఇచ్చిన చీటీ నుంచి ఆ మాట వచ్చింది. ఒక్క మాటలో కూలి, బానిసత్వం రెండూ ఎలా పెనవేసుకున్నాయో చూడండి.

ఇంకో విషయం చెప్పకపోతే నా జవాబు నిజాయితీగా ఉండదు. స్వతంత్రుడైన న్యామ్వేజీ మోతగాడు కూలిగా తెచ్చిన గుడ్డతో పశువుల్ని కొన్నాడు, కొన్ని ఇళ్లలో బానిసల్ని కూడా కొన్నాడు. అతను నెలల తరబడి దారిలో ఉంటే పొలంలో పార పట్టింది చాలాచోట్ల అలా కొనితెచ్చిన ఆడవాళ్లు, మగవాళ్లు. అతని స్వేచ్ఛకు ఆ చెర ఒక ఆసరా. న్యామ్వేజీల గురించి గర్వంగా రాసే పుస్తకాలు ఈ పేజీని త్వరగా తిప్పేస్తాయి. అలా తిప్పేయకూడదని నా అభిప్రాయం.

మనవాళ్ల పాత్ర కూడా అంతే. కచ్ నుంచి వెళ్లిన జైరామ్ శివ్‌జీ సంస్థ దశాబ్దాల పాటు జాంజిబార్ సుంకాల వసూలు గుత్తకు తీసుకుంది. టిప్పు టిప్‌కు సరుకు అప్పు ఇచ్చింది తారియా తోపన్. బాగమోయోలో యూరోపియన్ల బిడారులకు మోతగాళ్లను కుదిర్చిపెట్టింది సేవా హాజీ. సుంకం, వడ్డీ, కూలీల కాంట్రాక్టు, అన్నిట్లో భారతీయుల చెయ్యి ఉంది. జాంజిబార్‌లోని భారతీయుల దగ్గర ఉన్న వేలమంది బానిసల్ని 1860 ప్రాంతంలో బ్రిటిష్ కాన్సల్ రిగ్బీ విడిపించాడు.

మరోవైపు సీదీ ముబారక్ బొంబాయి ఉన్నాడు. యావో జాతి పిల్లవాడు, చిన్నప్పుడే పట్టుబడి అమ్ముడుపోయి, మన దేశం చేరి, యజమాని చనిపోయాక విడుదలై జాంజిబార్‌కు తిరిగి వెళ్లాడు. పేరులో బొంబాయి అలా నిలిచిపోయింది. బర్టన్, స్పీక్, స్టాన్లీ, కామెరాన్, అందరి యాత్రల్లోనూ అతను ఉన్నాడు. లండన్ రాయల్ జియోగ్రాఫికల్ సొసైటీ అతనికి వెండి పతకం, పెన్షన్ ఇచ్చింది. 1873లో లివింగ్‌స్టన్ చనిపోయినప్పుడు శవాన్ని ఎండబెట్టి, నెలల తరబడి మోసుకుని బాగమోయో చేర్చిన బృందాన్ని నడిపించింది చూమా, సూసీ. వాళ్లతో ఉన్న జేకబ్ వైన్‌రైట్ మన నాసిక్‌లో, విడుదలైన ఆఫ్రికన్ పిల్లల కోసం నడిపిన స్కూల్లో చదివాడు.

అయితే జీతం తీసుకున్నంత మాత్రాన మనిషి క్షేమంగా ఉన్నాడని కాదు. పారిపోతూ దొరికిన జీతగాళ్లను స్టాన్లీ కొరడాతో కొట్టించాడు, బానిసలకు వేసే గొలుసే వేయించాడు. ఈ సంగతి అతనే రాసుకున్నాడు. మశూచి, రక్త విరేచనాలు వచ్చినవాణ్ణి దారి పక్కన వదిలేసేవారు. 1887లో దక్షిణ సూడాన్ వైపు చిక్కుకుపోయిన గవర్నర్ ఎమీన్ పాషాను రక్షించడానికి స్టాన్లీ జాంజిబార్ నుంచి 600 మందికి పైగా తీసుకెళ్తే, తిరిగి వచ్చినవాళ్లు సగం కూడా లేరు. కాంగోలోని యంబూయా శిబిరంలో ఆకలికి తట్టుకోలేక సరిగా వండని కర్రపెండలం తిని చాలామంది చనిపోయారు. ఆ యాత్ర చదివిన ప్రతిసారీ నాకు రాత్రి నిద్ర పట్టదు.

అందరికన్నా బాధ కలిగించేది ఆ తర్వాత జరిగింది. బానిసత్వాన్ని అంతం చేస్తామని వచ్చిన ప్రభుత్వాలే మోతను వెట్టిగా మార్చాయి. లియోపోల్డ్ కాంగోలో మతాదీ రేవు నుంచి లియోపోల్డ్‌విల్ (ఇప్పటి కిన్షాసా) దాకా, 1898లో రైలు వచ్చేవరకు, ఊళ్ల మీద ఒత్తిడి పెట్టి మనుషుల చేత మోయించారు. ఇప్పటి టాంజానియాను ఆక్రమించిన జర్మన్లు గుడిసె పన్ను వేసి, కట్టలేనివాళ్ల చేత పని చేయించుకున్నారు. మూటలు కింద పెట్టి "రేపు నడవం" అనగలిగిన మనిషికి ఇప్పుడు ఆ మాట అనే వీలు లేకపోయింది. రైలు 1912లో టబోరాకు, 1914లో టాంగన్యికా సరస్సు ఒడ్డున కిగోమాకు చేరింది. పాత వృత్తి అక్కడితో దాదాపు ముగిసింది. వెంటనే మొదటి ప్రపంచ యుద్ధం. బ్రిటిష్, జర్మన్ సైన్యాలు లక్షలమందిని మోతకు పట్టుకెళ్లాయి. బ్రిటిష్ వైపు లెక్కల్లోనే దాదాపు 95,000 మంది మోతగాళ్లు చనిపోయారు. తూటాల కన్నా ఆకలి, రోగాలే ఎక్కువమందిని చంపాయి. దార్ ఎస్ సలామ్‌లో కరియాకూ అనే పెద్ద బజారు ఉంది. నేను ఆరేళ్లు కూరగాయలు కొన్నది అక్కడే. బ్రిటిష్ సైన్యపు మోతగాళ్ల దళం పేరు 'కారియర్ కోర్' స్థానికుల నోట కరియాకూ అయింది.

ఇక మీ ఫోటో సంగతి. తల మీదో భుజం మీదో మోత ఉందన్న ఒక్క గుర్తుతో ఏమీ తేల్చకండి. మెడలో గొలుసు గానీ చీలిన కర్ర గానీ ఉందా, ఆడవాళ్లు, పిల్లలు వరసగా కట్టివేయబడి ఉన్నారా చూడండి. అలా ఉంటే అనుమానం లేదు. ఫోటో కాకుండా బొమ్మ అయితే, అది ఏ సంఘం ప్రచారం కోసం గీయించిందో కనుక్కోండి. మోతగాడి దగ్గర సొంత చాప, కుండ, ఈటె, ముందు ఈకల కిరంగోజీ కనిపిస్తే అది చాలావరకు కూలి ముఠా. వాఉంగ్వానాను మాత్రం ఫోటో చూసి చెప్పలేం. వాళ్ల కోసం జీతాల చిట్టా వెతకాలి, సగం కూలి ఎవరి పేరున వెళ్లిందో అందులో ఉండొచ్చు. తేదీ 1890 తర్వాతదైతే ఇంకో ప్రశ్న వేసుకోండి: ఈ మనిషిని పిలిచింది కూలా, పన్నా, సిపాయా? తేదీ, ఊరు తెలిస్తే ఫోటోతో పాటు పెట్టండి, నాకు తెలిసినంత వరకు చూసి చెప్తాను.